రాగి-నికెల్ గొట్టాలు: సముద్రజల వినియోగంలో ఎంపిక, అమరిక, సంరక్షణ

సముద్రతీరంలోని విద్యుత్ కేంద్రాలకు, నౌకలకు, ఉప్పునీటిని మంచినీటిగా మార్చే కర్మాగారాలకు సముద్రజలమే ప్రధాన శీతలీకరణ వనరు. విశాఖపట్నం సమీపంలో పరవాడ వద్ద గల 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, కృష్ణపట్నం వద్ద గల శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం శీతలీకరణకు బంగాళాఖాతం నీటినే వినియోగిస్తున్నాయి. అయితే సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. సాధారణ ఉక్కు గొట్టాలను ఈ నీరు త్వరితగతిన తినివేస్తుంది. ఈ సమస్యకు దశాబ్దాలుగా ఆధారపడదగిన పరిష్కారంగా నిలిచిన వాటిలో రాగి-నికెల్ మిశ్రలోహపు గొట్టం ముఖ్యమైనది. దీనినే కుప్రోనికెల్ అని కూడా వ్యవహరిస్తారు. కాగా, సరైన లోహాన్ని కొనుగోలు చేసినంత మాత్రాన ఆశించిన ప్రయోజనం సిద్ధించదు. గొట్టం ఎంతకాలం మన్నుతుందన్నది చాలావరకు అది సముద్రజలాన్ని తాకిన తొలి వారాల్లోనే నిర్ణయమవుతుంది.

చిన్న రంధ్రం - పెద్ద నష్టం

థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్‌ను తిప్పి వెలువడిన ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి తిరిగి నీరవుతుంది. కండెన్సర్‌లోని వేలాది సన్నని గొట్టాల లోపల చల్లని నీరు ప్రవహిస్తుండగా, వెలుపల ఆవిరి ఉంటుంది. ఆవిరి ఉన్న భాగంలో పీడనం వాతావరణ పీడనం కంటే చాలా తక్కువ. అందువల్ల ఏ ఒక్క గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడినా ఉప్పునీరు లోపలికి పీల్చుకోబడి, బాయిలర్‌కు వెళ్ళే శుద్ధజలంలో కలుస్తుంది. అందులోని క్లోరైడులు బాయిలర్ గొట్టాలకు, టర్బైన్ రెక్కలకు హాని కలిగిస్తాయి. కారుతున్న గొట్టాన్ని గుర్తించి మూసివేసేందుకు విద్యుదుత్పత్తిని తగ్గించడమో, నిలిపివేయడమో తప్పదు. నౌకల విషయంలో ప్రమాదం మరింత తీవ్రమైనది. సముద్రజలాన్ని మోసే గొట్టం పగిలితే ఓడ పొట్టుకు చిల్లు పడినట్లే భావించవలసి ఉంటుంది.

మిశ్రమం - రకాలు

రాగి-నికెల్ మిశ్రమం సామాన్య ప్రజలకు కొత్తది కాదు. 1992 నుంచి చలామణీలోకి వచ్చిన బరువైన తెల్లని 5 రూపాయల నాణెం 75 శాతం రాగి, 25 శాతం నికెల్‌తో తయారైనదే. సముద్రజల గొట్టాలకు ప్రధానంగా రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది 90-10 రకం. ఇందులో సుమారు 10 శాతం నికెల్, 1 నుంచి 2 శాతం ఇనుము, స్వల్పంగా మాంగనీసు ఉంటాయి, మిగిలినది రాగి. రెండవది 70-30 రకం. ఇందులో నికెల్ సుమారు 30 శాతం. ఇది మరింత దృఢమైనది, వేగవంతమైన ప్రవాహాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువే. ఇవి కాక 30 శాతం నికెల్‌తో పాటు ఇనుము, మాంగనీసు చెరి 2 శాతం గల మరొక రకాన్ని ఉప్పునీటి శుద్ధి కర్మాగారాల్లోని కఠిన పరిస్థితులకు వినియోగిస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళంలో ఇత్తడి కండెన్సర్ గొట్టాలు తరచుగా చిల్లులు పడేవి. ఆ బెడదను నావికులు ఒక వ్యాధితో పోల్చి ‘కండెన్సరైటిస్’ అని పిలిచేవారు. అనంతర కాలంలో సాగిన పరిశోధనల ఫలితంగా 70-30 రకం నౌకల్లోకి ప్రవేశించింది. స్వల్ప పరిమాణంలో ఇనుము చేర్చినట్లయితే ప్రవాహపు ఒరిపిడిని తట్టుకునే శక్తి గణనీయంగా పెరుగుతుందని తేలిన పిదప, నికెల్ తక్కువగా ఉన్న 90-10 రకం కూడా సముద్రజలానికి యోగ్యమైనది.

రక్షణ పొర

ఈ గొట్టాలు తుప్పును తట్టుకోవడానికి కారణం వాటి లోపలి గోడపై సహజంగా ఏర్పడే పలుచని పొర. ఇందులో ప్రధానమైనది క్యుప్రస్ ఆక్సైడ్. శుభ్రమైన, ప్రాణవాయువు కలిసి ఉన్న సముద్రజలం తగిలిన తొలి రోజుల్లోనే ఈ పొర మొదలవుతుంది. పూర్తిగా పరిపక్వం కావడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. నీరు వెచ్చగా ఉంటే ప్రక్రియ వేగంగా సాగుతుంది. పొర స్థిరపడిన పిదప లోహం అరిగే రేటు ఏటేటా తగ్గుతూ, ఏడాదికి మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతుల స్థాయికి చేరుతుంది. అంతేగాక, రాగి కారణంగా నత్తగుల్లలు, ఆల్చిప్పలు, నాచు గొట్టానికి అంత తేలికగా అంటుకోవు.

తొలి దశలోని పొరపాట్లు

ఈ గొట్టాలు అకాలంలో పాడవడానికి ముఖ్య కారణం లోహదోషం కంటే తొలి దశలోని అజాగ్రత్తే. కొత్త ఓడకు రేవులోనే తుది అమరికలు చేస్తారు. పరీక్షల కోసం రేవు నీటినే గొట్టాల్లో నింపి, వారాల తరబడి అలాగే వదిలివేయడం జరుగుతుంటుంది. మురుగు కలిసే రేవు జలాల్లో సల్ఫైడులు, అమ్మోనియా ఉంటాయి. కదలిక లేని నీటిలో జీవపదార్థం కుళ్ళినా సల్ఫైడులు పుడతాయి. వీటి ప్రభావంతో రక్షణ పొరకు బదులుగా నిలకడలేని నల్లని పొర ఏర్పడి, దాని అడుగున గుంటలు పడతాయి.

అందువల్ల తొలి నింపుదలకు శుభ్రమైన సముద్రజలాన్ని గాని, మంచినీటిని గాని వాడాలి. నీటిని నాలుగైదు రోజులకు మించి కదలిక లేకుండా నిలువ ఉంచరాదు. అంతకు మించి పని ఆగే పక్షంలో గొట్టాలను ఖాళీ చేసి ఆరబెట్టడం శ్రేయస్కరం. కలుషిత జలం తప్పనిసరి అయిన చోట ఫెర్రస్ సల్ఫేట్‌ను తగు మోతాదులో కలిపి పొరకు బలం చేకూర్చే పద్ధతి కూడా ఉంది.

ప్రవాహ వేగం, అతుకులు

ప్రవాహ వేగం మరీ ఎక్కువైతే రక్షణ పొర ఊడిపోతుంది. మరీ తక్కువైతే ఇసుక, బురద పేరుకుంటాయి. 100 మిల్లీమీటర్లకు మించిన వ్యాసం గల పైపుల్లో 90-10 రకానికి సెకనుకు సుమారు 3.5 మీటర్లు, 70-30 రకానికి సుమారు 4 మీటర్లు గరిష్ఠ పరిమితిగా పాటిస్తారు. కనిష్ఠ వేగం 1 మీటరుకు తగ్గకుండా చూస్తారు. ఇరుకు వంపులు, సగం తెరిచిన వాల్వులు, గొట్టంలో ఇరుక్కున్న ఆల్చిప్పలు స్థానికంగా సుడులు సృష్టించి, అక్కడే లోహం కోసుకుపోయేటట్లు చేస్తాయి.

అతుకుల విషయంలోనూ ఇంతే శ్రద్ధ అవసరం. 1963 ఏప్రిల్ 10న అట్లాంటిక్ మహాసముద్రంలో అమెరికా జలాంతర్గామి ‘థ్రెషర్’ 129 మందితో మునిగిపోయింది. ఇంజిన్ గదిలో సముద్రజల గొట్టాల అతుకు విఫలం కావడం వల్లనే ప్రమాదం సంభవించి ఉండవచ్చునని విచారణ సంఘం అభిప్రాయపడింది. అనంతరం ఆ దేశ నౌకాదళం జలాంతర్గాముల భద్రతకు ‘సబ్‌సేఫ్’ పేరిట కఠినమైన తనిఖీ విధానాన్ని ప్రవేశపెట్టింది. రాగి-నికెల్ గొట్టాలను వెల్డింగ్ చేసేటప్పుడు గ్రీజు, రంగు గుర్తులు పూర్తిగా తొలగించాలి. వాటిలోని గంధకం, సీసం అతుకు వద్ద పగుళ్ళకు దారితీస్తాయి. ఈ గొట్టాన్ని ఉక్కు భాగానికి నేరుగా బిగిస్తే ఉప్పునీటిలో ఉక్కు వేగంగా క్షీణిస్తుంది కనుక, మధ్యలో విద్యుత్ నిరోధక పదార్థాన్ని అమర్చాలి.

టైటానియంతో పోలిక

ఇటీవలి దశాబ్దాల్లో అనేక విద్యుత్ కేంద్రాలు కండెన్సర్లకు టైటానియం గొట్టాలను ఎంచుకుంటున్నాయి. సల్ఫైడులు గల కలుషిత జలాన్ని, అధిక వేగాన్ని టైటానియం తట్టుకోగలదు. అయితే 90-10 రకం ఉష్ణవాహకత టైటానియం కంటే దాదాపు రెట్టింపు. టైటానియానికి నాచు, గుల్లలను నిరోధించే గుణం లేదు గనుక క్లోరిన్ శుద్ధి, గొట్టాల శుభ్రతపై అదనపు శ్రద్ధ అవసరమవుతుంది. నీటి నాణ్యత తెలియకుండా ఈ రెండింటిలో ఏది మేలో నిర్ణయించడం సాధ్యం కాదు.

అధికారులు గమనించవలసిన అంశాలు

టెండరు పత్రాల్లో మిశ్రమం రకంతో పాటు ఇనుము, మాంగనీసు శాతాలను కూడా స్పష్టంగా పేర్కొనాలి. గొట్టాల తయారీలో వాడిన నూనె పూర్తిగా తొలగించకుండా కాల్చినట్లయితే లోపల బొగ్గు పొర మిగిలి, తర్వాత అక్కడే గుంటలు పడతాయి. కనుక సరుకు స్వీకరించే ముందే లోపలి గోడ శుభ్రతను పరిశీలించాలి. రాగి, నికెల్ ధరలు అంతర్జాతీయ విపణిని అనుసరించి మారుతుంటాయి కాబట్టి, దీర్ఘకాలిక ఒప్పందాల్లో ధరల సర్దుబాటు నిబంధన ఉండడం ఉభయులకూ మేలు.

అన్నింటికంటే ముఖ్యంగా, వ్యవస్థలో తొలిసారి నీరు నింపిన తేదీ, ఆ నీరు ఎక్కడిది, ఎన్ని రోజులు నిలిచి ఉంది అన్న వివరాలు రికార్డు చేయాలి. కొన్నేళ్ళ తర్వాత గొట్టం కారితే బాధ్యత సరఫరాదారుదా, అమర్చిన వారిదా, నిర్వహణదా అని తేల్చేందుకు ఆ నమోదే ముఖ్య ఆధారమవుతుంది. శ్రద్ధగా ప్రారంభించిన రాగి-నికెల్ వ్యవస్థ దశాబ్దాల పాటు సేవలందించగలదు. తొలి నెలల్లో నిర్లక్ష్యానికి గురైన వ్యవస్థకు మాత్రం మరమ్మతుల రూపంలో మళ్ళీ మళ్ళీ వ్యయం చేయవలసి వస్తుంది.