పాత గడ్డి మిషను - కార్బొరేటరు కథ



వానలు వెనుకపట్టినాక ఒకనాడు బొల్లారం వెళ్లాను. సికింద్రాబాదు కంటోన్మెంటు బొల్లారం కాదు. పటాన్‌చెరు వైపు కార్ఖానాల బొల్లారం. అక్కడ ఒక ఆవరణలో పచ్చిక చూసే ముసలాయన పాత గడ్డి మిషను ముందర కూలబడి ఉన్నాడు.

"సారూ, తాడు గుంజి గుంజి రెక్కలు పోయినయ్. చోకు పెడితే లేస్తది, తీస్తే ఆగిపోతది. పాత ఇనుముకు ఏసెయ్యమంటున్నరు" అన్నాడు.

"తొందరపడకు కాకా. దీని పుట్టుక తెలిస్తే దీని రోగం తెలుస్తది" అన్నాను. ఆ పుట్టుకే ఈనాడు మీకు చెప్పదలచినది.

గడ్డి మిషను 1830లో ఇంగ్లాండులో పుట్టినది. ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, మిల్లులో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి దీనిని తయారుచేశాడు. అప్పుడు దానిని మనిషే తోసేవాడు. 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు ఇంజను అమర్చి అమ్మకానికి తెచ్చినది.

అయితే పెట్రోలు ఊరికే మండదు. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్లు గాలి కలవాలి. తొలి ఇంజన్లలో గాలిని పెట్రోలు మీదుగా పోనిచ్చి ఆవిరి పట్టేవారు. 1893లో జర్మనీలో మేబాక్, హంగేరీలో బాంకీ, చోంకా మెరుగైన ఉపాయం కనిపెట్టారు. గాలి ఇరుకు సందులోంచి దూసుకుపోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది; పక్కనున్న గిన్నెలోని పెట్రోలు సన్నని జెట్టుగుండా పైకి లేచి తుంపరగా గాలిలో కలుస్తుంది. చూశారా, మన గడ్డి మిషనులోనూ ఇదే ఉపాయం!

యంత్రం అదే గాని పెట్రోలు మారినది. చెరకు, బియ్యం, మక్కల నుంచి తీసే ఇథనాలు 2022లో పెట్రోలులో 10 శాతానికి చేరినది. 2025కు దాదాపు 20 శాతమైనది. ఇది మన పంటల సరుకే, తిట్టి లాభం లేదు. గుణం తెలుసుకోవాలి. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే విడిపోయి గిన్నె అడుగుకు దిగుతుంది. పాత రబ్బరు పైపులను, వాషర్లను పాడుచేస్తుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి జెట్టును మూస్తుంది.

ఇప్పుడు కాకా మాట గుర్తు తెచ్చుకోండి. చోకు గాలిని తగ్గిస్తుంది. చోకుతోనే నడిచిందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. జెట్టు మూసుకున్నది, లేదా ఎక్కడో గాలి చొరబడుతున్నది. దీనికి వ్యతిరేకంగా నల్లపొగ వచ్చి పెట్రోలు వాసన కొడితే, గాలి ఫిల్టరు దుమ్ముపట్టినదో, గిన్నెలోని సూది సరిగా మూసుకోవడం లేదో చూడాలి.

ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గు వైరు తీసేశాము. బీడీలు దూరం పెట్టించాము. పెట్రోలు కాక్ కట్టి గిన్నె విప్పితే అడుగున నీళ్లు కనిపించినవి. జెట్టు తీసి కార్బొరేటరు క్లీనరుతో కడిగి గాలి ఊదాము. ఇనుప తీగతో పొడవలేదు. ఇత్తడి రంధ్రం పెద్దదైతే పాళ్లు తప్పుతాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రంలో వెలుగు కనిపించినది. పగిలిన రబ్బరు పైపు మార్చి తాజా పెట్రోలు పోశాము. రెండో గుంజుకు ఇంజను లేచినది, చోకు తీసినా ఆగలేదు.

2020లో బి.ఎస్.6 నియమం వచ్చాక కొత్త మోటారుసైకిళ్లకు కార్బొరేటరు దాదాపు పోయినది. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గుతారు. కాని మన చిన్న పెట్రోలు పంపులకు, గడ్డి మిషన్లకు అది ఇంకా ఉన్నది. భుజాన వేసుకునే కొన్ని మిషన్లలో గిన్నెకు బదులు పలుచని పొర ఉంటుంది. దానిని తెలిసినవారి చేతనే విప్పించండి.

పని ముగిసి మిషనును మూలపెట్టేముందు ట్యాంకులో పెట్రోలు తీసేసి, గిన్నెలోనిది అయిపోయేదాకా ఇంజను నడపండి. ఇంత జాగ్రత్తపడితే పాత మిషను పాత ఇనుము కాదు.

సెలవు.