నూర్పుల దుమ్ముతో తుమ్ములు, ఆయాసం: డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో నవంబరు నుంచి వరి కోతలు, నూర్పులు, వాములు వేసే పనులు ముమ్మరంగా సాగుతాయి. ఈ రోజుల్లో చాలామంది రైతులకు, కూలీలకు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద మొదలవుతాయి. "దుమ్ము పడలేదు, అదే తగ్గుతుంది" అని వదిలేస్తుంటారు. ఎక్కువసార్లు అలాగే తగ్గుతుంది కూడా. అయితే అలర్జీ ముక్కు, కళ్ల వరకే ఉంటే ఒక లెక్క, ఛాతీలోకి దిగితే మరో లెక్క. ఈ తేడా ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఎందుకు వస్తుంది?

నూర్పు దుమ్ము, ఊక మీది నూగు, తడిసిన గడ్డికి పట్టే బూజు, గట్ల మీది వయ్యారిభామ, సూర్యలంక వైపు తీరంలోని సరుగుడు తోటల పుప్పొడి ముఖ్య కారణాలు. వయ్యారిభామ తగిలితే కొందరికి ముఖం, మెడ, మోచేతి మడతల్లో దురద, పొక్కులు వస్తాయి.

అలర్జీయా, జలుబా?

అలర్జీలో జ్వరం ఉండదు. ముక్కు నుంచి నీళ్లలా కారుతుంది, దురద ఎక్కువ. దుమ్ములోకి వెళితే పెరుగుతుంది, దూరంగా ఉంటే తగ్గుతుంది. జలుబులో ఒళ్లునొప్పులు, కొద్దిగా జ్వరం ఉండవచ్చు. సాధారణంగా వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది.

డాక్టరుకు చూపించుకోవలసిన లక్షణాలు

- ఊపిరి పీల్చి వదిలేటప్పుడు పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్లు ఉండడం, రాత్రి దగ్గుతో మెలకువ రావడం. ఇవి ఉబ్బసం లక్షణాలు కావచ్చు.
- బూజు పట్టిన గడ్డి కదిపిన 4 నుంచి 8 గంటల తరువాత చలిజ్వరం, దగ్గు, ఆయాసం రావడం. ఇది ఊపిరితిత్తుల వాపు. పదేపదే వస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి.
- రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం. ఇది క్షయ కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం.
- కంటిలో వరి ఆకు గానీ ఊక గానీ గుచ్చుకుని నొప్పి, ఎరుపు, చూపు మసక. ఇది అలర్జీ కాదు. నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. కన్ను నలపకండి, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయకండి. అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.

వెంటనే 108కు ఫోన్ చేయవలసినవి

పెదవులు, నాలుక, ముఖం వాయడం, ఒళ్లంతా దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, కళ్లు తిరిగి పడిపోవడం. ఆయాసంతో ఉన్నవారిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి.

మందు పిచికారీ చేసిన కొద్ది గంటల్లో చెమటలు, నోట చొంగ, వాంతులు, కండరాల వణుకు కనిపిస్తే అది అలర్జీ కాదు, పురుగుమందు విషప్రభావం. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగాలి. మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మందుల విషయంలో జాగ్రత్త

సెట్రిజిన్, అవిల్ వంటి మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. అవి వేసుకుని ట్రాక్టరు, నూర్పు యంత్రం, మోటారు సైకిలు నడపకండి. త్వరగా తగ్గుతుందని డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకోవద్దు. అవి షుగరు, బీపీ పెంచుతాయి, లోపలి జబ్బును కప్పిపుచ్చుతాయి. ఉబ్బసానికి డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే "అలవాటైపోతుంది" అని మానకండి. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి తక్కువ మోతాదు సరిపోతుంది.

పొలంలో పాటించవలసినవి

1. నూర్పిడి, తూర్పార వద్ద గాలి వచ్చే వైపు నిలబడండి. ముక్కుకు బిగుతుగా అమరే ఎన్95 మాస్కు, కళ్లజోడు వాడండి. తువ్వాలు సన్నని దుమ్మును ఆపలేదు.
2. గడ్డి బాగా ఆరాకే వామి వేయండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వానలకు తడిసిన గడ్డికి తొందరగా బూజు పడుతుంది. దాన్ని దులపకండి. కదపక తప్పకపోతే నీళ్లు చల్లి, మాస్కుతో కదపండి.
3. వయ్యారిభామను పూతకు రాకముందే చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని పీకేయండి.
4. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి.

బాపట్ల, తెనాలి, రేపల్లెలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఏ పని చేశాక మొదలైంది, ఎన్ని రోజులైంది, ఏ మందులు వాడారు అన్నది కాగితం మీద రాసుకెళ్లండి. నూర్పు ఒక రోజు ఆగితే కుప్పకు పట్టా కప్పుకోవచ్చు. ఆయాసం వచ్చిన మనిషిని మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.