దగ్గరి దారి

బండి వెనక కూర్చోండి. తెల్లారి ఇంకా ఆరు కాలేదు. బండి నడిపేది అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ గారు. మీ చేతికి ఆయన మూడు వస్తువులిచ్చారు: ముప్పై మీటర్ల టేపు, ఒక ఖాళీ గోనెసంచి, అట్ట ఊడిన ఎస్‌ఎస్‌ఆర్ పుస్తకం. అదే పుస్తకం పీడీఎఫ్‌గా ఆయన ఫోన్లోనూ ఉంది. అయినా పేజీ మడత పెట్టుకుంటే తప్ప ఆయనకు లెక్క సాగదు.

ఏలూరు కాలువ వంతెన దాటుతున్నారు. కృష్ణ నుంచి వచ్చే కాలువా, గోదావరి నుంచి వచ్చే కాలువా ఈ ఊళ్ళోనే కలుస్తాయి. ఒకప్పుడు ఈ కాలువల మీద సరుకుల పడవలు నడిచేవి. ఇప్పుడు ఇసుకైనా కంకరైనా టిప్పరెక్కాల్సిందే. ఊరు దాటగానే గాలి మారింది, చేపల మేత వాసన. దారికి రెండు వైపులా చెరువులు, గట్ల మీద కొంగలు.

టీ బడ్డీ దగ్గర ఆగినప్పుడు పుస్తకం తెరిచి చూడండి. ఎస్‌ఎస్‌ఆర్ అంటే ప్రామాణిక రేట్ల పట్టిక. మేస్త్రీ కూలి, మజ్దూరు కూలి, రోలరు అద్దె, సిమెంటు, ఇసుక, కంకర, ప్రతిదానికీ ఒక రేటు. రాష్ట్రంలోని ఇంజనీరింగ్ శాఖలన్నిటికీ ఒకటే పుస్తకం కావాలని చీఫ్ ఇంజనీర్ల బోర్డు ఖాయం చేసిన రేట్లివి. బజారు ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పుస్తకంలో రేటు మాత్రం మళ్ళీ సవరించేదాకా కదలదు. ఇద్దరు ఇంజనీర్లు ఒకే పనికి ఎస్టిమేటు వేస్తే ఒకే అంకె రావాలన్నది దీని ఉద్దేశం.

"రాదండి," అంటారు ఏఈ గారు గ్లాసు కింద పెడుతూ. "కంకర రేటు క్వారీ దగ్గర రేటు. అక్కణ్ణించి పని దగ్గరికి రావద్దూ? ఆ దూరం ఈ పుస్తకంలో ఉండదు. దాన్ని మనమే వెయ్యాలి."

ఆ దూరాన్నే వీళ్ళు లీడ్ అంటారు.

కొల్లేరు సరస్సులోని లంక గ్రామం వచ్చింది. వీధి చివర గోడ మీద నడుమెత్తున మట్టిరంగు చార. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి కొల్లేట్లో పడినప్పుడు నిలిచిన నీటి గుర్తని చెబుతున్నారు ఊళ్ళోవాళ్ళు. తువ్వాలు భుజాన వేసుకుని ఒక పెద్దాయన ఎదురొచ్చారు.

"ఏవండీ ఏఈ గారూ, నిరుడూ కొలిచెళ్ళారు కదండీ?"

"కొలిచామండి. ఆ ఎస్టిమేటు పాత రేట్లది. ఇప్పుడు కొత్త రేట్లతో మళ్ళీ వెయ్యాలి."

"అయితే ఈ కొస నేను పట్టుకుంటానండి."

టేపు పదిసార్లు లాగేసరికి గుడి దగ్గర తేలారు. మూడొందల మీటర్లు. వెడల్పు మూడు మీటర్లు, వెయ్యాల్సిన సిమెంటు కాంక్రీటు (సీసీ) రోడ్డు మందం పదిహేను సెంటీమీటర్లు. వేళ్ళ మీదే తేలిపోయే లెక్క: 135 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. ఒక్కో క్యూబిక్ మీటరుకు కంకర 0.90, ఇసుక 0.45 అన్నది డేటా లెక్క. అంటే కంకర 121.5, ఇసుక 60.75. రెండూ కలిపి 182 పైచిలుకు క్యూబిక్ మీటర్లు. ఆరు క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పరైతే ముప్పై ట్రిప్పుల పైమాటే. ఇందులో ఒక్క రాయి గానీ గుప్పెడు ఇసుక గానీ కొల్లేట్లో దొరకదు. కంకర మెట్ట క్వారీ నుంచి, ఇసుక గోదావరి రేవు నుంచి రావాలి.

కొల్లేట్లో దొరికేది బంకమట్టి. పార పడగానే ఉడుం పట్టు పట్టింది. రెండు మూరలు తవ్వేసరికి గుంటలో నీరు ఊరుతోంది. ఏఈ గారు ఆ నల్లమట్టిని మీ గోనెసంచిలోకి ఎత్తారు. ఇది తాడేపల్లిగూడెం వెళ్తుంది, పరీక్షకి. అక్కడ ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, పది గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోస్తారు. ఒకదాన్ని కిరోసిన్‌తో, రెండోదాన్ని నీళ్ళతో నింపి ఒక రోజంతా వదిలేస్తారు. కిరోసిన్లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో ఉబ్బుతుంది. కిరోసిన్ జాడీలో పది గీతల దగ్గర ఆగిన మట్టి నీళ్ళ జాడీలో పద్ధెనిమిదికి చేరితే, ఉబ్బు 80 శాతం. 50 దాటిన మట్టి రోడ్డు గట్టుకి పనికిరాదు. అప్పుడు కాంక్రీటు కింద గ్రావెల్ పొర పరవాలి. దానికీ మళ్ళీ ఒక లీడ్.

పైగా ఈ నేల 1999లో అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు. 2002 నుంచి రాంసార్ చిత్తడి నేల. 2006లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టించిన చోటు. +5 అడుగుల కాంటూరు (ఎత్తు గీత) లోపల ఏ పని తలపెట్టినా అటవీశాఖ అనుమతి ముందు. అందుకే రిపోర్టులో మొదటి వాక్యంగా ఏఈ గారు ఇలా రాసుకున్నారు: ఉన్న వీధి మీదే, వెడల్పు పెంచకుండా.

పెద్దాయన మిమ్మల్ని వదల్లేదు. "రండి, అసలు సంగతి చూపిస్తాను," అని డ్రెయిను దాకా నడిపించారు. దాని మీద పాత కల్వర్టు. పిట్టగోడ ఒక పక్క ఒరిగింది. స్లాబు కింద ఇనప చువ్వలు పక్కటెముకల్లా బయటికొచ్చాయి.

"ట్రాక్టరైతే మెల్లిగా పోద్దండి. టిప్పరెక్కితే కిందకే."

ఏఈ గారు మాట్లాడలేదు. పొద్దుటి నుంచి సరుకు కోసం ఆయన మనసులో నడిచిన దారి ఇదే. ఫోన్లో మ్యాపు చూపించే దారీ ఇదే. చుట్టు తిరిగొస్తే తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ. 182 క్యూబిక్ మీటర్ల సరుకు, ఒక్కోదాని మీద తొమ్మిదేసి కిలోమీటర్లు. కాదంటే సరుకు ఇక్కడే దింపి మళ్ళీ ట్రాక్టర్లకెత్తాలి. దానికి దింపుడు, ఎక్కింపు కూలి.

రాత్రి, ఏలూరు. ఫ్యాను కింద లాప్‌టాప్. కాగితాల మీద టేపు బరువు. మీరు ఆయన భుజం మీదుగా చూస్తున్నారు. క్వారీ రేటు, దాని పక్కన లీడ్, దాని పక్కన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సీనరేజి. కూలి, యంత్రాల ఖర్చు కలిశాయి. ఆ పైన కాంట్రాక్టరు ఓవర్‌హెడ్లు, లాభం 13.615 శాతం. దశాంశం తర్వాత మూడంకెలదాకా ఖచ్చితం! చివర్లో జీఎస్టీ 18, లేబరు సెస్సు 1, నిర్మాణ శిక్షణ సంస్థ న్యాక్ వాటా 0.1 శాతం. రెండు దారులూ వేసి చూశారు. ట్రాక్టర్ల దారే చౌక పడింది. కానీ ఆ కల్వర్టు మీద ముప్పై టిప్పర్ల సరుకు, ట్రాక్టరు తర్వాత ట్రాక్టరుగా? ఎక్సెల్‌లో ఆ ప్రశ్నకు గడి లేదు. చుట్టుదారే ఖాయం చేశారు.

లీడ్ స్టేట్‌మెంటు అడుగున ఎప్పుడూ ఉండే వాక్యం ఉంది: పై లీడ్లు దగ్గరివి, చౌకైనవి అని ధ్రువీకరిస్తున్నాను. రేపు పై అధికారి మ్యాపు తెరిచి అడుగుతారు, ఈ తొమ్మిది కిలోమీటర్లేమిటని. ఆడిటు రెండేళ్ళ తర్వాతైనా అడుగుతుంది. తక్కువ వేస్తే టెండరు దాఖలు కాదు. ఎవరైనా ధైర్యం చేసి వేసినా, ఆ తరుగు సిమెంటులో పూడ్చుకుంటారు.

ఏఈ గారు ఆ వాక్యం కింద మరొకటి చేర్చారు: డ్రెయినుపై కల్వర్టు బలహీనం, ఫొటో జతపరచడమైనది.

ఫొటో తెరిచారు. చువ్వలు తేలిన స్లాబు, దానికి అడ్డంగా టేపు. ఓ అంచున, టేపు కొస పట్టుకున్న పెద్దాయన చెయ్యి. కత్తిరిద్దామని మౌసు అక్కడిదాకా తీసుకెళ్ళి, ఆగి, అలాగే ఉంచి ప్రింటు కొట్టారు.