తండ్రి వైపు దారి: ఒక అక్షరం, మూడు చరిత్రలు

మా ఆసుపత్రిలో చాలాకాలం మత్తువైద్యులుగా పనిచేసి విరమించిన ఒక ఆంగ్ల మిత్రుడు క్రిందటి శీతకాలంలో నన్ను తేనీటికి పిలిచారు. బల్ల మీద మూడు వస్తువులు సిద్ధంగా ఉంచారు. మొదటిది 2006లో వెలువడిన స్టీఫెన్ ఓపెన్‌హైమర్ గ్రంథం ‘ది ఆరిజిన్స్ ఆఫ్ ది బ్రిటిష్’. రెండవది, పిల్లలు పుట్టినరోజు కానుకగా చేయించిన డీఎన్ఏ పరీక్ష ఫలితం. మూడవది, ఆయన పినతండ్రి కుమారుడు చేయించుకున్న అటువంటి పరీక్ష ఫలితమే. ఆయన కాగితం మీద పితృవంశం ‘ఆర్1బి’ అని ఉంది. తమ్ముడి కాగితం మీద ‘ఐ1’ అని ఉంది. ఇద్దరికీ తాత ఒక్కరే. ఆ కుటుంబం ఇన్నాళ్ళూ అలాగే అనుకుంది.

“ముందు ఈ పుస్తకం చదివి, ఇందులో ఉన్నది ఎంతవరకు నిజమో చెప్పండి. ఆ రెండవ కాగితం సంగతి తరువాత మాట్లాడుకుందాం” అన్నారు. నేను ఆ పుస్తకంతో పాటు, 2018లో వచ్చిన డేవిడ్ రైక్ గ్రంథం ‘హూ వుయ్ ఆర్ అండ్ హౌ వుయ్ గాట్ హియర్’ కూడా మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ రెండు పుస్తకాల మధ్య గడిచిన పన్నెండేళ్ళ కథ.

ముందుగా కొంత పాఠం తప్పదు. మన క్రోమోజోములలో దాదాపు అన్నీ ప్రతి తరంలోనూ పేకముక్కల వలె కలిసి, తెగి, మళ్ళీ అతుక్కుంటాయి. పురుషులలో మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ ఇందుకు మినహాయింపు. రెండు కొసలను వదిలేస్తే, మిగిలినదంతా తండ్రి నుంచి కొడుకుకు ఉన్నదున్నట్లుగా సంక్రమిస్తుంది. దాని పొడవు సుమారు 6 కోట్ల అక్షరాలు. దానిని మొదటి నుంచి చివరి వరకు పూర్తిగా చదవగలిగింది 2023లోనే. నకలు తీసే క్రమంలో అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు ఆ వ్యక్తి పుత్రపౌత్రులందరిలోనూ ముద్రగా నిలిచిపోతుంది. ప్రాచీన గ్రంథాల తాళపత్ర ప్రతులను పోల్చేటప్పుడు, ఒకే లేఖక దోషం ఉన్న ప్రతులన్నీ ఒకే మాతృక నుంచి వచ్చాయని పరిష్కర్తలు నిర్ణయిస్తారు. వంశవృక్షం గీసే జన్యుశాస్త్రజ్ఞుల పద్ధతీ అదే. ఆ వృక్షంలోని పెద్ద కొమ్మలకు ఆంగ్ల అక్షరాల పేర్లు పెట్టారు. పశ్చిమ ఐరోపాలో అన్నిటికన్నా విస్తారమైన కొమ్మ ఆర్1బి. అందులో ఎం269 అనే ముద్ర గల పురుషులు ఐరోపాలో సుమారు 11 కోట్లమంది అని ఒక అంచనా. ఐర్లండులోనూ, బాస్క్ ప్రాంతంలోనూ పురుషులలో అత్యధికులు ఈ కొమ్మకు చెందినవారే.

ఇంత పెద్ద కొమ్మ ఎక్కడ మొలిచింది? ఓపెన్‌హైమర్ వృత్తిరీత్యా శిశువైద్యుడు. ఉష్ణమండల దేశాలలో పనిచేసినవాడు. కనుక ఆయన మీద నాకు సహజంగానే అభిమానం ఉంది. ఆయన సమాధానం ఇది: హిమయుగంలో ఉత్తర ఐరోపా మంచు కింద ఉన్నప్పుడు మనుషులు ఇప్పటి బాస్క్ ప్రాంతంలో తలదాచుకున్నారు. మంచు కరిగాక అక్కడి నుంచి సముద్రతీరం వెంబడి బ్రిటన్, ఐర్లండులకు చేరుకున్నారు. నేటి బ్రిటిష్ ప్రజలలో అత్యధికులు వారి సంతతే. ఆ తరువాత వచ్చిన రైతులు గాని, కెల్టులు గాని, ఆంగ్లో-సాక్సన్లు గాని పైపూత మాత్రమే. అదే సంవత్సరం ‘బ్లడ్ ఆఫ్ ది ఐల్స్’ అనే గ్రంథంలో బ్రయన్ సైక్స్ కూడా దీనికి దగ్గరగా ఉన్న కథనే చెప్పాడు. నా మిత్రుడు ఇన్నేళ్ళూ దానిని ఇష్టంగా నమ్మారు. మంచు కరిగిన నాటి నుంచి మా తాతముత్తాతలు ఈ నేల మీదే ఉన్నారు అనుకోవడంలో ఉన్న ఊరటను, సొంత ఊరు వదలి వచ్చిన నేను అర్థం చేసుకోగలను.

నాలుగేళ్ళు తిరిగేసరికి, 2010లో, లెస్టర్ విశ్వవిద్యాలయం నాయకత్వంలోని బృందం ఇంకొక సమాధానం ఇచ్చింది. ఆర్1బి లోని చిన్న చిన్న వైవిధ్యాలు తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ తగ్గుతున్నాయి. కనుక ఆ కొమ్మ అనటోలియా నుంచి, అంటే ఇప్పటి టర్కీ నుంచి, వ్యవసాయంతో పాటు వచ్చిందన్నారు. అదే అక్షరం, అదే మనుషులు. ఇప్పుడు పూర్వికులు వేటగాళ్ళు కారు, రైతులు.

ఈ రెండు సమాధానాలకూ ఒకే లోపం ఉంది. రెండూ బ్రతికి ఉన్నవారి రక్తం, లాలాజలం చూసి, వేల ఏళ్ళ కిందట ఎవరు ఎక్కడ ఉన్నారో ఊహించాయి. మాకు వైద్యంలో ఇది బాగా తెలిసిన ఉచ్చు. ఈరోజు రోగి ఛాతీ చిత్రం చూసి, ఇరవై ఏళ్ళ కిందట అతనికి ఏ జబ్బు చేసిందో నేర్పుగా ఊహించవచ్చు. పాత చిత్రం దొరికిన మరుక్షణం ఆ నేర్పంతా పక్కకు పోతుంది.

ఆ పాత చిత్రాలు ఎముకలలో దొరికాయి. లోచెవిని కాపాడే పెట్రస్ ఎముక శరీరంలో కెల్లా సాంద్రమైనది. వేల ఏళ్ళ తరువాత కూడా అందులో డీఎన్ఏ నిలిచి ఉంటుందని తెలియడంతో ఈ శాస్త్రం గతి మారింది. వైద్యకళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చదివేటప్పుడు మమ్మల్ని ఏడిపించిన ఆ చిన్న ఎముక ఇంత పని చేస్తుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఎముకలు చెప్పింది ఇది. ఎనిమిదివేల ఏళ్ళ కిందటి పశ్చిమ ఐరోపా వేటగాళ్ళలో ఎక్కువగా కనబడినవి ఐ, సి అనే కొమ్మలు. ఆ తరువాత అనటోలియా నుంచి వచ్చిన తొలి రైతులలో ప్రధానమైనది జి2ఎ. ఆల్ప్స్ పర్వతాలలో 1991లో బయటపడిన మంచుమనిషి ఓట్జీ, సుమారు 5,300 ఏళ్ళ కిందటివాడు, ఆ కొమ్మకు చెందినవాడే. నేటి పశ్చిమ ఐరోపాను నింపిన ఎం269 ముద్ర మాత్రం ఈ రెండు జనసమూహాలలోనూ కనబడలేదు. ఇటలీలో పద్నాలుగు వేల ఏళ్ళ కిందటి ఒక అస్థిపంజరంలో ఆర్1బి దొరికిన మాట నిజమే. కాని అది దూరపు శాఖ. ఒక అక్షరాన్ని పట్టుకుని చరిత్ర చెప్పకూడదనడానికి ఆ ఒక్క అస్థిపంజరం చాలు.

2015లో రైక్ బృందం ప్రకటించిన పరిశోధనతో మూడవ సమాధానం వచ్చింది. సుమారు 5,000 ఏళ్ళ కిందట నల్లసముద్రానికి, కాస్పియన్ సముద్రానికి ఉత్తరాన ఉన్న స్టెప్పీ మైదానాలలో బండ్లతో, పశువులతో తిరిగిన యామ్నాయా ప్రజలకు చెందిన జన్యువారసత్వం మధ్య ఐరోపాలోకి వెల్లువలా వచ్చింది. జర్మనీలోని కార్డెడ్ వేర్ సంస్కృతి మనుషుల వారసత్వంలో దాదాపు నాలుగింట మూడు వంతులు అదే. ఆర్1ఎ, ఆర్1బి కొమ్మలు ఐరోపాలో పెచ్చుపెరిగింది అప్పుడే. 2018లో వెలువడిన ఇంకొక అధ్యయనం బ్రిటన్ కథను తేల్చింది. క్రీ.పూ. 2450 ప్రాంతం తరువాత, గంట ఆకారపు పానపాత్రలతో ‘బీకర్’ జనులు దిగిన కొన్ని శతాబ్దాలలోనే, ఈ ద్వీపపు జన్యువారసత్వంలో సుమారు 90 శాతం మారిపోయింది. స్టోన్‌హెంజ్ మహాశిలలను నిలిపినవారి సంతతి నేటి బ్రిటన్‌లో స్వల్పాంశం మాత్రమే. స్పెయిన్‌లోనైతే క్రీ.పూ. 2000 నాటికి మొత్తం వారసత్వంలో 40 శాతం మారగా, పితృవంశాలు దాదాపు నూటికి నూరు మారాయి. హిమయుగపు అవశేషాలనుకున్న బాస్కుల ఆర్1బి కూడా ఆ వెల్లువలో వచ్చినదే.

ఆ 40కీ, 100కీ మధ్య వ్యత్యాసం మీద పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. స్త్రీల వారసత్వం చాలావరకు కొనసాగింది. స్థానిక పురుషుల వంశాలు మాత్రం దాదాపుగా అంతరించాయి. ఎందుకు? యుద్ధమా? కొద్దిమంది పెద్దల కుమారులకే భూమి, భార్యలు, బిడ్డలు దక్కే సమాజమా? ఆ కాలపు దంతాలలో ప్లేగు సూక్ష్మజీవి జాడలు 2015లో దొరికాయి. కాని తెగులు మగవారిని మాత్రమే ఏరుకుని చంపదు. వై క్రోమోజోమ్ ఫలితం చూపుతుంది గాని, కారణం చెప్పదు. శవపరీక్షలో మరణం ఖాయమే అయినా, మరణకారణం వేరే వెదకవలసి ఉంటుంది.

ఈ చరిత్రకు ఒక చీకటి నీడ కూడా ఉంది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో గుస్తాఫ్ కొసినా అనే జర్మన్ పురావస్తువేత్త, కుండల తీరును బట్టి జాతుల సరిహద్దులు గీసి, జర్మనుల ప్రాచీన విస్తృతిని నిరూపించబోయాడు. నాజీలు దానిని ఆయుధంగా వాడుకున్నారు. అందుకే యుద్ధానంతరం ఐరోపా పురావస్తువేత్తలకు ‘వలస’ అన్న మాటే చేదయింది. డీఎన్ఏ ఆ మాటను తిరిగి తెచ్చింది. అయితే కొసినా కోరినది మాత్రం తేలేదు. ఏ ప్రజా తొలి నుంచీ ఒకే చోట, ఒకే రక్తంతో లేదు. అవే స్టెప్పీ మైదానాల నుంచి ఆర్1ఎ లోని ఇంకొక శాఖ మన భారతదేశానికీ వచ్చింది. పోలండు రైతులో ఉన్న శాఖకూ, మన దేశంలో ఉన్న శాఖకూ మూలపురుషుడు ఐదారువేల ఏళ్ళ కిందటివాడు. గోత్రాన్ని తండ్రి వైపు నుంచి మాత్రమే లెక్కించే మనకు, ఈ ఒంటిదారి వంశచరిత్ర ఎంత ఆకర్షణీయమో వేరే చెప్పాలా?

ఆకర్షణ ఉన్నచోటే జాగ్రత్త కావాలి. పది తరాల వెనక్కి వెళితే మనకు 1,024 మంది పూర్వికుల స్థానాలు ఉంటాయి. వై క్రోమోజోమ్ చెప్పేది అందులో ఒక్కరి కథ. బ్రిటన్ తొలి రైతులే ఇందుకు నిదర్శనం. వారి మొత్తం వారసత్వంలో అధికభాగం అనటోలియా రైతులదే. కాని వారి పురుషులలో దాదాపు అందరిదీ ఐ2 కొమ్మ, అంటే ఐరోపా వేటగాళ్ళ పితృవంశం. వై ఒక్కటే చదివితే వారిని వేటగాళ్ళ సంతతి అని నమ్మకంగా తప్పు చెప్పేవాళ్ళం.

ఆ ఒంటిదారి కూడా తెగకుండా ఉంటుందన్న హామీ లేదు. 1485లో యుద్ధభూమిలో మరణించిన మూడవ రిచర్డ్ రాజు అస్థికలు 2012లో లెస్టర్‌లో ఒక కార్ల నిలుపుస్థలం కింద బయటపడ్డాయి. ఆయన సోదరి సంతతితో మాతృవంశపు డీఎన్ఏ సరిపోయింది. పితృవంశపు వారసులుగా గ్రంథస్థమైన ఐదుగురిని పరీక్షిస్తే ఒక్కరితోనూ సరిపోలేదు. రాజుది జి కొమ్మ. ఐదుగురిలో నలుగురిది ఆర్1బి, ఐదవవారిది ఐ. రాజుకూ, ఆ ఐదుగురి ఉమ్మడి పూర్వికుడైన ఐదవ బ్యూఫర్ట్ డ్యూకుకూ మధ్య ఉన్న పంతొమ్మిది లంకెలలో ఎక్కడో కనీసం ఒకటి తెగింది. రాజవంశాల పట్టికలకే ఈ గతి పట్టింది. తరానికి ఒక శాతం చొప్పున తెగుతుందనుకున్నా, ఇరవై తరాలు గడిచేసరికి నూటికి సుమారు పద్దెనిమిది వంశాలలో కాగితం ఒకటి, క్రోమోజోమ్ ఒకటి అవుతాయి.

మళ్ళీ కలిసినప్పుడు ఈ సంగతులన్నీ నా మిత్రునికి చెప్పాను. మంచు కరిగిన నాటి పూర్వికులను వదులుకోవడానికి ఆయన పెద్దగా బాధపడలేదు. “అయితే మా తండ్రివైపు వాళ్ళం కూడా వచ్చినవాళ్ళమే అన్నమాట” అని నవ్వారు. తరువాత తమ్ముడి కాగితం ముందుకు జరిపారు.

ఉన్నది ఉన్నట్లు చెప్పాను. తెగిన చోటు నాలుగింటిలో ఏదైనా కావచ్చు: ఆయన పుట్టుక, ఆయన తండ్రి పుట్టుక, పినతండ్రి పుట్టుక, తమ్ముడి పుట్టుక. దత్తత కావచ్చు, యుద్ధకాలంలో ఎవరో ఎవరి బిడ్డనో చేరదీసి ఉండవచ్చు, మరేదైనా కావచ్చు. తాతగారి సోదరుని మనుమడు ఒకరు కెనడాలో ఉన్నారట. ఆయన పరీక్ష చేయించుకుంటే తెగింది ఏ వైపో చాలావరకు తేలుతుంది.

“చేయించమంటారా?” అని అడిగారు.

మేమిద్దరం జీవితమంతా కుర్ర డాక్టర్లకు చెప్పిన మాటనే ఆయనకు గుర్తు చేశాను. ఫలితం ఏదైనా దానితో ఏం చేస్తావో తెలియకుండా పరీక్ష రాయకూడదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తనకు ఆరేళ్ళప్పుడు తాతగారు తన చేయి పట్టుకుని తోటలో ఉల్లినారు నాటించిన సంగతి చెప్పారు. నాటే లోతు తెలియడానికి వేలిమీద గీత గీసేవారట. తన మనుమడికీ తాను అలాగే నేర్పానని అన్నారు.

కెనడాకు ఉత్తరం ఇంకా రాయలేదని మొన్న ఫోనులో చెప్పారు. రాయననీ అనలేదు. రైక్ పుస్తకం మాత్రం ఇంకో నెల ఉంచుకుంటానన్నారు.