క్లీనర్ సీటు

మా కాలంలో లారీ తోలడం ఎవరూ స్కూలుకెళ్ళి నేర్చుకోలేదు. క్లీనర్‌గా ఎక్కి, కొన్నేళ్ళు ఎడమ పక్కన కూర్చుని, ఆ తర్వాతే కుడి పక్కకు జరిగాం. బెజవాడ లారీల చరిత్ర అంటే ఓనర్ల గురించి, ఆటోనగర్ గురించి చెబుతారు. ఆ ఎడమ సీటు గురించి రాసినవాళ్ళు నాకు కనపడలేదు. ఇక్కడి డ్రైవర్లను తయారుచేసింది ఆ సీటే. ఇప్పుడది చాలా బండ్లలో ఖాళీ. కొత్తగా హెవీ లైసెన్సు తీసుకుని లైను మీదికి వెళ్ళే కుర్రాళ్ళ కష్టాలు చాలావరకు అక్కడే మొదలవుతున్నాయని నా నమ్మకం.

బెంజ్ సర్కిల్ దగ్గర మద్రాసు–కలకత్తా రోడ్డు, హైదరాబాదు–బందరు రోడ్డు కలుస్తాయి. మాకు అవి ఐదో నంబరు, తొమ్మిదో నంబరు హైవేలు; 2010లో మారిన లెక్కలో 16, 65 అయ్యాయి. ఒకప్పుడు ఇక్కడ బెంజ్ లారీల షోరూం ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. టాటా కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేసింది. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా వాటి ముందు బెంజ్ నక్షత్రం ఉండేది. నేను క్లీనర్‌గా ఎక్కింది టాటా 1210. దాన్ని కూడా నాకు పని నేర్పిన డ్రైవరు, మా గురువుగారు, బెంజ్ బండి అనే పిలిచేవారు.

లారీలకు ముందు కృష్ణా డెల్టాలో సరుకు మోసినవి పడవలు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక, పొలాలకు నీళ్ళిచ్చిన కాలవలే సరుకుకూ దారులయ్యాయి. ధాన్యం పడవలు బందరు కాలవలో, ఏలూరు కాలవలో తిరిగేవి. అవతలి గట్టున కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవలో పడి మద్రాసు దాకా పోయేవి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక దాని మీది రోడ్డే లారీలకు కృష్ణ దాటించే దారి. 1990లలో కనకదుర్గ వారధి తెరిచేదాకా మద్రాసు లోడులు దాని మీదుగానే పోయాయి. 1966లో జవహర్ ఆటోనగర్ ఏర్పడ్డాక, ఊళ్ళో చెల్లాచెదురుగా ఉన్న షెడ్లకు ఒక చోటు దొరికింది. బాడీ కట్టే వడ్రంగులు, స్ప్రింగు కట్టలు వేసేవాళ్ళు, లేత్ పనివాళ్ళు, రేడియేటర్ అతికేవాళ్ళు, పెయింటర్లు అంతా అక్కడే. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ క్లీనరు అక్కడే పడుకునేవాడు. ఏ నట్టు ఎక్కడిదో వాడికి తెలిసింది అలాగే.

క్లీనరు పనంటే అద్దాలు తుడవడం కాదు. బండి ఆగిన ప్రతిచోటా లివర్ రాడ్డు తీసుకుని దిగాలి. ఒక్కో టైరు మీద ఒక్క దెబ్బ కొట్టాలి. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరి వెనక్కొస్తుంది, చప్పుడు గట్టిగా మోగుతుంది. తగ్గితే చప్పుడు మెత్తగా ‘దబ్’మంటుంది. వెనక జత టైర్లలో లోపలిది కంటికి ఆనదు. దానికి గాలి పోతే బరువంతా బయటి టైరు మీద పడి కాలిపోతుంది, ఆ తర్వాత పేలుతుంది. రెండింటి మధ్యా ఇరుక్కున్న రాయిని అదే రాడ్డుతో పొడిచి తీయాలి. నేను మొదట్లో దెబ్బ కొట్టి ముందుకెళ్తుంటే మా గురువుగారు వెనక నుంచి, “ఒరేయ్, కొట్టడం కాదు, విను” అనేవారు. వినడం రావడానికి నాకు చాలా కాలం పట్టింది.

తాడు కట్టడం ఇంకో చదువు. మిర్చి టిక్కీలకు ఒక బిగువు, బియ్యం బస్తాలకు ఒకటి, నూజివీడు మామిడి పెట్టెలకు ఇంకొకటి. పట్టా ముందు వైపు మడత వెనక మడత మీదికి రావాలి. తిరగేసి కప్పితే గాలి దూరి పట్టా లేస్తుంది, వాన లోపలికి దిగుతుంది. లోడు కొంత దూరం పోయాక సర్దుకుంటుంది, తాడు వదులవుతుంది. అందుకని గన్నవరం దాటగానే మొదటిసారి ఆపి మళ్ళీ బిగించేవాళ్ళం. రివర్సు తీసేటప్పుడు వెనక నిలబడి “రానీ, రానీ... హోల్డాన్!” అని కేకెయ్యాలి. ఘాట్‌లో బండి ఆగితే పరుగున దిగి టైరు కింద చెక్క దిమ్మ పెట్టాలి. లారీ నీడన కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండాలి. తెల్లవారుజామున డ్రైవరుకు కన్ను మూతపడకుండా కబుర్లు చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదేనని డ్రైవరయ్యాక తెలిసింది.

ఆ రోజులు బంగారు రోజులని మాత్రం అనను. పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని, రోజుకు 8 గంటలు, దూరపు లైన్లలో అనుమతి తీసుకున్నా 10 గంటలు దాటకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ఆ చట్టం ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థల కోసం రాసింది. మా లైన్లో ఒకటీ రెండూ లారీలున్న ఓనర్లే ఎక్కువ. 1988 మోటారు వాహనాల చట్టం అవే గంటల్ని రవాణా బండి నడిపే అందరికీ వర్తింపజేసింది కానీ, హైవే మీద ఆ గంటలు లెక్కపెట్టినవాళ్ళను నేను చూడలేదు. మీసాలు రాని పిల్లలు దెబ్బలు తింటూ, జీతం లేకుండా, బత్తాలో మిగిలిన చిల్లరతో బతికారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. నాకు మొదటి రెండేళ్ళూ తిండి, రెండు జతల బట్టలే ఇచ్చారు.

క్లీనరు ఒక్కరోజులో మాయం కాలేదు. మోటారు వాహనాల నిబంధనలు రవాణా లైసెన్సుకు 8వ తరగతి చదువు అడిగాయి. చదువు లేని క్లీనర్లకు కుడి సీటు దారి అక్కడే మూసుకుపోయింది. ఆ నిబంధనను 2019లో గానీ ఎత్తెయ్యలేదు. ఈలోపు రోడ్లు నాలుగు లైన్లయ్యాయి, పవర్ స్టీరింగులు, రేడియల్ టైర్లు వచ్చాయి. 2017లో జీఎస్టీతో తడ, ఇచ్ఛాపురం లాంటి చోట్ల అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. అంతకుముందు కాగితాలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగింది క్లీనరే. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధననూ 2018లో తీసేశారు. కిరాయి పెరగలేదు, డీజిల్ పెరిగింది; ఓనరుకు తగ్గించుకోగలిగిన ఖర్చు ఆ రెండో మనిషే అయ్యాడు. పిల్లలు బడికెళ్ళడం మొదలైంది. అందుకు నాకు సంతోషమే. ఆ పిల్లాడి స్థానంలోకి ఎదిగిన మనిషి రాలేదు, నా బాధ అదీ.

ఇప్పుడు హెవీ లైసెన్సుకు స్కూల్లో 30 రోజుల శిక్షణ, అందులో కనీసం 15 గంటలు నడపడం ఉండాలని నిబంధన. ఆ 15 గంటల కుర్రాడు కైకలూరులో చేపల లోడు ఎత్తుకుని, ఐసు కరిగేలోపు హౌరా చేరాలని, 1,200 కిలోమీటర్లకు ఒంటరిగా బయల్దేరుతున్నాడు. “బాబాయ్, ఏం చూసుకోవాలి?” అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ.

ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది, గడువు చూసుకో. బండి చెడి సరుకు ఇంకో లారీకి మార్చితే నంబరు మార్పించు. గడువు పెంచుకోవడానికి అది ముగిసే ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలే వీలు. హమాలీ, పంక్చరు, కాటా ఖర్చు ఎవరివో బయల్దేరకముందే మాట్లాడి పుస్తకంలో రాసుకో. మీటర్లు ఎన్నున్నా ఆగినప్పుడల్లా టైరు మీద చెయ్యి వేసి చూడు; పక్కదానికంటే ఎక్కువ కాలుతున్న టైరు నీకేదో చెబుతోంది. ఘాట్ ఎక్కిన గేరులోనే దిగు, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టకు. రాత్రి 2 నుంచి 5 మధ్య నిద్రొస్తే పోరాడకు. రోడ్డు అంచున మాత్రం ఆపొద్దు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్ది పోయినవాళ్ళు ఎందరో. లైట్లున్న బంకులోనో, టోల్ ప్లాజా దగ్గర లే-బైలోనో ఆపి పడుకో. ఆలస్యమైందని ఓనరు తిడతాడు, తిట్టనీ.

ఇవన్నీ మాటలే. చెవికి ఎక్కించాలంటే పక్కన మనిషి కావాలి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచి పని. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో డ్రైవర్ శిక్షణ సంస్థ ఉంది, అదీ మంచిదే. దాంతోపాటు కొత్త డ్రైవరు మొదటి ఏడాది ఒక సీనియరుతో కలిసి బండెక్కాలి. ఇద్దరికీ జీతం, బీమా ఉండాలి. ఆ ఖర్చు ఒక్క చిన్న ఓనరు భరించలేడు. సరుకు పంపే కంపెనీలు, లారీ ఓనర్ల సంఘాలు, రవాణా శాఖ పంచుకోవాలి. ఆటోనగర్ చుట్టుపక్కల వయసు మళ్ళి స్టీరింగ్ వదిలేసిన డ్రైవర్లు ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తారు. మా తరం పోయేలోపు ఈ ఏర్పాటు జరగాలి. చెవితో టైరు వినడం తెలిసినవాళ్ళు ఆ తర్వాత ఉండరు.