ఇంటి రక్షణకు తుపాకీ కొనాలా? ముందు లైసెన్స్.. ఆ తర్వాతే మోడల్! నెల్లూరు తీరంలో తెలుసుకోవాల్సిన రూల్స్ ఇవే

నెల్లూరు: ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, ముత్తుకూరు.. తీరం వెంబడి ఏ మండలానికి వెళ్లినా రొయ్యల గుంటలే. పట్టుబడి దగ్గరపడితే గట్టు మీద రాత్రంతా కాపలా ఉండాల్సిందే. మోటార్లు, ఏరియేటర్లు, మేత బస్తాలు అన్నీ ఊరికి దూరంగానే ఉంటాయి. అలాంటి చోట 'చేతిలో ఒక పిస్టల్ ఉంటే ధైర్యం కదా' అనిపించడం సహజం. కానీ మన దేశంలో తుపాకీ అంటే షాపుకెళ్లి నచ్చింది కొనుక్కునే వస్తువు కాదు. ఏది కొనాలి అన్నది చివరి ప్రశ్న మాత్రమే.

లైసెన్స్ ఎవరిస్తారు?

1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్స్ తప్పనిసరి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల పోలీస్ కమిషనర్ ఇస్తారు. నెల్లూరు జిల్లాలో మాత్రం జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరే ఇవ్వాలి.

* వయసు 21 ఏళ్లు నిండాలి.
* ఎ-1 ఫారంలో దరఖాస్తు చేయాలి. గుర్తింపు, చిరునామా పత్రాలు జత చేయాలి.
* తుపాకీ వాడకంలో శిక్షణ సర్టిఫికెట్, శారీరక, మానసిక ఆరోగ్యంపై మెడికల్ సర్టిఫికెట్ కావాలి.
* స్థానిక పోలీసులు విచారించి 30 రోజుల్లో రిపోర్ట్ పంపాలి. అది అందిన 60 రోజుల్లోగా నిర్ణయం చెప్పాలి.

అన్నీ ఇచ్చినా లైసెన్స్ వస్తుందన్న గ్యారంటీ లేదు. ప్రాణానికి, ఆస్తికి ముప్పు ఉందని నమ్మించే కారణం చూపాలి. గతంలో దాడి జరిగి ఉంటే ఆ ఎఫ్ఐఆర్ కాపీ పనికొస్తుంది. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. 2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మాత్రం 3 నుంచి 2కు తగ్గింది.

ఏది కొనొచ్చు?

సినిమాల్లో కనిపించే 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరులకు దొరకదు. అది నిషేధిత బోర్. ఇంటి రక్షణకు ఎక్కువ మంది తీసుకునేది .32 బోర్.

* కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్
* నిర్భీక్: 2014లో వచ్చిన తేలికపాటి .32 రివాల్వర్, బరువు దాదాపు 500 గ్రాములు. విడుదలైనప్పుడు ధర రూ.1.22 లక్షలు.
* ప్రబల్: 2023లో విడుదలైన .32 రివాల్వర్. 50 మీటర్ల వరకు ప్రభావం చూపుతుందని తయారీ సంస్థ చెబుతోంది.
* అశని: .32 పిస్టల్

మొదటిసారి కొనేవాళ్లకు రివాల్వర్ సులువు. సిలిండర్ తెరిస్తే తూటాలు ఉన్నాయో లేదో కళ్లకు కనిపిస్తుంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతిది వస్తుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ తీసేసినా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలిపోవచ్చు. ఖాళీగా ఉందనుకుని ట్రిగ్గర్ నొక్కడంతో జరిగే ప్రమాదాలు ఇక్కడే మొదలవుతాయి. తీరంలో ఇంకో సమస్య ఉప్పు గాలి. తుడిచి ఆయిల్ పెట్టకపోతే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

బయటికి తీసుకెళ్లొచ్చా?

లైసెన్స్‌లో రాసిన పరిధిలోనే. హోల్‌స్టర్‌లోనో బ్యాగులోనో పూర్తిగా కప్పి ఉంచాలి. నలుగురిలో తీసి చూపించినా, బెదిరించినా చిక్కే. పెళ్లిలోనో ఊరేగింపులోనో సరదాకి కాల్చి జనానికి ప్రమాదం తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

రొయ్యల దొంగను కాల్చొచ్చా?

అసలు విషయం ఇదే. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తున్నాయి. అయితే ఆ హక్కుకు హద్దుంది. దోపిడీ జరుగుతున్నప్పుడు, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడినప్పుడు, నివాసానికి నిప్పు పెడుతున్నప్పుడు ప్రాణం తీసేంత వరకు చట్టం అనుమతిస్తుంది. మామూలు దొంగతనానికి అది వర్తించదు. ప్రాణం పోతుందనో, తీవ్ర గాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉండాలి. గుంటలో వల వేసి పారిపోతున్న వాడి వీపు మీద కాల్చితే రైతే హత్య కేసులో ముద్దాయి కావచ్చు. అవసరానికి మించి హాని చేసినా రక్షణ దక్కదు.

నాటు తుపాకీ వద్దే వద్దు

తక్కువ ధరకు దొరికిందని లైసెన్స్ లేని తుపాకీ దగ్గర పెట్టుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు. నిషేధిత బోర్ అయితే ఏడు నుంచి 14 ఏళ్లు. ఎయిర్‌గన్‌కు కూడా 4.5 ఎంఎం బోర్ గానీ 20 జౌల్స్ శక్తి గానీ దాటితే లైసెన్స్ కావాలి.

ఇంట్లో ఎలా ఉంచాలి?

తుపాకీ ఖాళీగా తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే చోట ఉంచాలి. తాళంచెవి పిల్లలకు అందకూడదు. కాపలా మనిషికి చేతికివ్వడం కూడా కుదరదు. లైసెన్స్ ఎవరి పేరున ఉంటే వాళ్లే వాడాలి. పోతే వెంటనే పోలీసులకు చెప్పాలి. ఎన్నికల కోడ్ సమయంలో పోలీసులు అడిగితే డిపాజిట్ చేయాలి.

లైసెన్స్ వచ్చేలోపు గట్టు మీద లైట్లు, సీసీ కెమెరా, సైరన్, ఇద్దరు కాపలా మనుషులు.. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆపద అనిపిస్తే 112కు ఫోన్ చేయండి.