సీమాంతర కర్బన విపణి: అనంతపుర పీఠభూమి

ఒక దేశమున నివారింపబడిన బొగ్గుపులుసు వాయువును టన్నుకొక పత్రము చొప్పున లెక్కించి వేఱొక దేశమునకు విక్రయించు వ్యవస్థకు సీమాంతర కర్బన విపణి యని పేరు. 1997 నాటి క్యోటో ఒప్పందము తెఱచిన ఈ మార్గమున, సాలీన సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపుర పీఠభూమికి దక్షిణపుటంచున, తెలుగు పలుకు బాగేపల్లి ప్రాంతమున, 5,500 ఇండ్లకు గోబరుగ్యాసు నుద్దేశించిన కూలీ సంఘ పథకము 2005లో నమోదయ్యెను. పేడను నీటితో కలిపి తొట్టిలో పోసిన ఇల్లాలికి కట్టెలమోపు బరువును, పొయ్యిపొగయు తప్పెను. 2015 నాటి ప్యారిస్ ఒప్పందపు ఆఱవ అధికరణమును, 2023లో భారత ప్రభుత్వము ప్రకటించిన కర్బన పత్రముల వ్యాపార పథకమును ఈ విపణి భవిష్యత్తునకు పునాదులు. ఒకే తగ్గింపును ఇరుదేశములును లెక్కించుకొనకుండుట, కఱవున పశువులనమ్ముకొన్న రైతునింట తొట్టి యెండినపుడు ఆ సంగతి లెక్కకెక్కుట, మూల్యమున న్యాయమైన పాలు ఆ యింటికే చేరుట, ఈ మూడును సమకూరిననే అది ధర్మసమ్మతమగును.